కుడికాలి జోడు

ధర్మవరం,
8–9–1968, ఆదివారం.

చిరంజీవి గంగాధరకు, మీ అమ్మ గౌరి దీవెనలతో రాస్తున్నది.

ఇక్కడ ఇంటిల్లిపాదీ క్షేమమే. నువ్వు కూడా హిందూపురంలో వేళకింత తిని, ఒళ్ళు కాపాడుకుంటూ ఉన్నావని నమ్ముతాను. లక్ష్మక్క నీకిచ్చిన గది వానకు కురుస్తోందని రాశావు. ఆమె మనకు కాని మనిషేమీ కాదు, మొహమాటపడకుండా చెప్పు. పెంకులు సర్దిస్తుంది.

నీ జాబు వచ్చి తొమ్మిది రోజులయింది. జవాబు ఇంత ఆలస్యం నేనెప్పుడూ చేయలేదు. మూడుసార్లు మొదలుపెట్టి మూడుసార్లూ చించేశాను. మీ అవ్వ మంచం మీదనుంచే చూసి, "ఏమే గౌరీ, రాస్తాండావు, చించుతాండావు. ఆ కాగితం నీకేం అపకారం చేసె?" అని అడిగింది. ఆమెకు చెవులు పోయినా కళ్ళు పోలేదు.

అవ్వ దగ్గు ఎట్లా ఉందని అడిగావు. వానలు పడ్డప్పటినుంచి కొంచెం తగ్గింది. రాత్రిపూట ఉప్పునీళ్ళు కాచి ఇస్తున్నాను. చెల్లెలు బడికి పోతోంది, లెక్కల్లో మాత్రం నువ్వు పక్కన లేక తంటాలు పడుతోంది. మగ్గం మీది పెళ్ళిచీర ఇంకా మూడు మూరలుంది. మీ నాయనకు నడుం పట్టేస్తోంది. మగ్గం గుంటలోంచి పైకి రావాలంటే రెండు చేతులూ గట్టున ఆనించి లేస్తున్నాడు. డాక్టరుకు చూపించుకోమంటే, "చీర కోసినాక చూస్తాం లే" అంటాడు. నీకు తెలిసిన మనిషే కదా.

ఇక నువ్వు అడిగిన అసలు సంగతికి వస్తాను.

టీచరు ట్రైనింగుకు డాక్టరు సర్టిఫికెట్టు కావాలని ఆసుపత్రికి పోతే, ముసలి నర్సమ్మ ఒకామె నీ ఊరూ పేరూ విని లోపలికి పోయి, పాత కార్డు దుమ్ము దులిపి తెచ్చిందని రాశావు. ఆమె పేరు కమలాక్షి. ఇంకా అక్కడే ఉందంటే ఆశ్చర్యమే. కార్డులో రెండు పాదాలూ లోపలికి తిరిగి పుట్టిన బిడ్డ అనీ, పద్నాలుగు పిండికట్లు వేశారనీ, చివర "తల్లి తృప్తి తెలిపినది, వైద్యం ముగిసినది" అనీ ఉందన్నావు. డాక్టరు నీ కుడికాలు పట్టుకుని తిప్పి చూసి, ఇది పడితే వచ్చిన వంకర కాదు, పుట్టుకతో వచ్చిందే మళ్ళీ తిరగబెట్టింది, కాలు ఇట్లా ఉంటే సర్టిఫికెట్టు ఇవ్వలేను అన్నాడన్నావు. బయటికి వస్తుంటే, కూతురి కానుపుకు వచ్చిన గోరంట్ల కుళ్ళాయమ్మ నీ పేరు విని దగ్గరికొచ్చి, "మీయమ్మ మాట పట్టుకునే నా కూతురు నడిచిందబ్బా" అని చెప్పి, నీ కాలు కేసి చూసి ఇంక నోరు తెరవలేదని రాశావు.

అన్నీ రాసి అడుగున ఒక్క వాక్యం పెట్టావు: "మరి నేను మెట్ల మీదనుంచి పడ్డానని ఎందుకు చెప్పారమ్మా?" దాని కింద గీత కూడా గీశావు. ఆ గీత దగ్గర కాగితానికి చిల్లు పడింది.

చెప్తాను. కానీ మొదటే ఆ ముక్క రాసేస్తే మిగతాది నువ్వు చదవవేమోనని భయం. అందుకని వరసగా రాస్తున్నాను. కోపం వచ్చినా చివరిదాకా చదువు నాయనా.

నువ్వు పుట్టింది పెనుకొండలో, మా అమ్మ అక్కమ్మ ఇంట్లో. మంత్రసాని నిన్ను చేతుల్లోకి తీసుకుని ఏమీ మాట్లాడలేదు. మగబిడ్డ పుడితే కేకేసి చెప్పే మనిషి మాట్లాడలేదంటేనే నాకు అర్థమైంది. నీ పాదాలు రెండూ అరికాళ్ళు ఒకదాన్నొకటి చూసుకునేటట్టు లోపలికి ముడుచుకుని ఉండేవి. పట్టి తిప్పితే రబ్బరులాగా మళ్ళీ అక్కడికే పోయేవి. పదకొండో రోజు మీ అవ్వ ధర్మవరం నుంచి వచ్చి, గుడ్డ తొలగించి చూసి, "గ్రహణంనాడు కదలాకుండా పండుకోమంటే ఇంటివా? ఆకులు మడిచి పెట్టినావంట గదా" అంది. మడిచానో లేదో నాకు జ్ఞాపకం లేదు. అప్పటినుంచి మన వీధిలో నేను ఆకు మడిచిన గౌరిని. నీళ్ళకు పోతే ఆడవాళ్ళు బిందెలు సర్దుకుంటూ నా చేతుల కేసి చూసేవాళ్ళు.

హిందూపురం ఆసుపత్రిలో వంకర కాళ్ళు సరిచేస్తారని మా అమ్మే ఎక్కడో విని వచ్చింది. మీ నాయన మొదటిసారి తోడొచ్చాడు. తర్వాత మగ్గం ఆగుతుందని రాలేకపోయాడు. ప్రతి గురువారం నేను నిన్నెత్తుకుని ధర్మవరంలో పాసింజరు ఎక్కేదాన్ని. పెనుకొండ స్టేషన్లో మా అమ్మ నీళ్ళచెంబు పట్టుకుని నిలబడి, నా మొహం ఏ కిటికీలో కనబడితే ఆ పెట్టె ఎక్కేది.

ఆసుపత్రిలో కమలాక్షి మోకాలు కదలకుండా పట్టుకుంటే, డాక్టరు పాదాన్ని నెమ్మదిగా, చాలా నెమ్మదిగా బయటికి తిప్పేవాడు. అది తిరిగినంత మేర నిలిపి, తడిపిన పిండిగుడ్డ తొడదాకా చుట్టేవాడు. పిండి ఆరేటప్పుడు వెచ్చబడుతుంది. అప్పుడు నువ్వు గుక్కపట్టి ఏడ్చేవాడివి. "వేళ్ళు నీలం తిరిగితే ఆ నిమిషమే రావల్ల. మిగతా ఏడుపుకు భయపడగూడదు" అని కమలాక్షి ప్రతివారం చెప్పేది. ఆ ఏడు రోజులూ నేను నీ కాలివేళ్ళు చూస్తూనే ఉండేదాన్ని. మగ్గానికి దారం కండెలు చుట్టేటప్పుడూ, అన్నం తినేటప్పుడూ. ఆ బరువు కాళ్ళతో నువ్వు నేలను ఠపా ఠపా కొట్టేవాడివి. మీ అవ్వ చెవులు మూసుకుని, "పసిబిడ్డను గోడలో పెట్టి కట్టినట్ల కట్టినారు. పాపం తగుల్తాది" అనేది.

పదో కట్టుకు ఎడమపాదం దారికొచ్చింది. కుడిది మొండిది. దానికోసం ఇంకో నాలుగు పట్టాయి. పద్నాలుగో కట్టు విప్పినరోజు డాక్టరు నిన్ను బల్లమీద నిలబెట్టినట్టు పట్టుకున్నాడు. రెండు అరికాళ్ళూ బల్లకు ఆనాయి. తోలు ఊడుతూ, తెల్లగా, సన్నగా, పుల్లల్లాగా ఉన్నాయి కాళ్ళు. అయినా ఆనాయి. నేను బల్ల పక్కన కూలబడ్డాను. మా అమ్మ నీళ్ళు చల్లింది.

ఇంటికొచ్చాక మీ నాయన మగ్గం దిగి వచ్చి, జరీ అంటిన చేతులు పంచెకు తుడుచుకుని, నీ అరికాళ్ళు రెండూ అరచేతుల్లో పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. మీ అవ్వ మరుసటిరోజు నిన్ను చంకనేసుకుని వీధి మొదటినుంచి చివరిదాకా తిప్పుకొచ్చింది. "చూడండమ్మా, మా మనవడి కాళ్ళు. సక్కగ వచ్చినాయి. మా కోడలు బిడ్డను ఎత్తుకోని ఒంటిగా రైలెక్కి పోయి చేయించుకోనొచ్చె" అని అందరికీ చూపించింది. ఆ మాట నేను లోపల గదిలో ఉండి విన్నాను. పెళ్ళయి మూడేళ్ళయింది, అప్పటిదాకా ఆమె నోట నన్ను గురించి మంచిమాట వినలేదు.

ఇక్కడినుంచి జాగ్రత్తగా చదువు.

కట్లు అయిపోతే అంతా అయిపోయినట్టు కాదు. తోలు జోళ్ళు రెండు, వాటి మధ్య ఒక ఇనుప పట్టీ. ఆ జోళ్ళు రాత్రంతా తొడిగి ఉంచాలి, నాలుగేళ్ళు వచ్చేదాకా. విడిస్తే పాదం పుట్టినప్పుడు ఎట్లా ఉందో అట్లా పోవాలని చూస్తుందన్నాడు డాక్టరు. సరేనన్నాను. నెలకొకసారి చూపించడానికి పోయేదాన్ని.

అట్లా పోయినప్పుడు కమలాక్షి నన్ను కొత్తగా వచ్చిన తల్లుల దగ్గర కూర్చోబెట్టేది. "నేను చెప్తే నర్సు మాట అంటారు. నువ్వు చెప్పు గౌరమ్మా, నీ మాట ఇంటారు" అనేది. కట్టు వేయించుకోవడానికి భయపడేవాళ్ళు, రెండు కట్లకే మానేస్తామనేవాళ్ళు వరండాలో నా చుట్టూ చేరేవాళ్ళు. నేను నీ పాదాలు చూపించి చెప్పేదాన్ని. నాయనా, నేను ఐదో తరగతి చదివిన మనిషిని. అంతమంది నా నోటికేసి చూస్తూ కూర్చోవడం నాకు అంతకుముందు ఎప్పుడూ లేదు. ఇంట్లో అన్నం వడ్డించి పక్కకు జరగడమే నాకు తెలుసు. అబద్ధమెందుకు, నాకది బాగుండేది. గురువారం ఎప్పుడొస్తుందా అని చూసేదాన్ని.

కుళ్ళాయమ్మ అట్లా వచ్చిన మనిషే. గోరంట్ల పక్క పల్లెలో సేద్యం చేసుకునేవాళ్ళు. మూడు కట్లకే బిడ్డనెత్తుకుని గేటు దాకా వెళ్ళిపోయింది. కమలాక్షి నన్ను పరుగున పంపింది.

"యాడికి పోతాండావు?" అన్నాను.

"ఇంటికక్కా. నా వల్ల కాదు. బిడ్డ ఏడ్చి ఏడ్చి సచ్చిపోతాది. మా ఇంటాయన గూడా వద్దంటాండాడు."

"ఏడ్చే బిడ్డ సావదు. కాళ్ళు వంకరపోయిన ఆడబిడ్డను రేపు లోకం ఏడిపిస్తాది. ఈ ఏడుపు నాలుగు నెలలు. ఆ ఏడుపు జన్మంతా. నాది చూడు" అని నీ కాళ్ళు ఆమె చేతిలో పెట్టాను. ఆమె నీ పాదాలు తడిమి తడిమి చూసింది. "నీ మాట మీద పెట్టుకుంటాండా అక్కా" అని వెనక్కి తిరిగింది.

ఆ మాట అన్నప్పుడు నీకు ఏడాది నిండింది. అప్పటికే నేను తప్పు చేస్తున్నాను.

నడక వచ్చిన పిల్లవాడివి, రాత్రి కాళ్ళు రెండూ ఇనుప పట్టీకి బిగిస్తే ఊరుకునేవాడివి కాదు. ముఖ్యంగా కుడికాలు. అది జోడులో పడుకునేది కాదు, మడమ లేచిపోయేది, ఒరుసుకుని పుండు పడేది. మన ఇల్లు నీకు తెలుసు కదా. రెండు మగ్గాలు, వాటి పక్కనే పడకలు. నువ్వు ఏడిస్తే ఇల్లంతా లేచేది. మీ నాయన తెల్లారుజామునే మగ్గం ఎక్కాలి. అవ్వ గొణిగేది. నాకూ ఒంట్లో బాగుండేది కాదు, తర్వాత తెలిసింది చెల్లెలు కడుపులో పడిందని. ఒకరోజు కుడి జోడు తాడు విప్పాను. నువ్వు వెంటనే నిద్రపోయావు. పొద్దున్నే ఎవరూ లేవకముందే మళ్ళీ తొడిగాను. ఒక్కరోజే అనుకున్నాను. తర్వాత వారానికి రెండుసార్లయింది, ఒక్కో వారం మూడుసార్లు. ఎడమది మాత్రం తీసేదాన్ని కాదు, అది నిన్ను బాధపెట్టలేదు కాబట్టి. అందుకే ఈరోజు నీ ఎడమకాలు నేరుగా ఉంది.

పాదం మళ్ళీ లోపలికి చూస్తోందని నాకు అందరికంటే ముందే తెలిసింది. నీళ్ళు పోసేటప్పుడు చేతికి తెలుస్తుంది. అప్పుడైనా పోయి చెప్పి ఉంటే సరిపోయేది. కానీ ఎవరికి చెప్పాలి? ఊరంతా చాటిన అవ్వకా? నా మాట మీద బిడ్డలను కట్లల్లో పెట్టిన ఆ తల్లులకా? ఏ మొహంతో చెప్పను? చెప్పకుండా ఎంతకాలం దాచను? రెండు నెలలు ఏదో సాకు చెప్పి ఆసుపత్రికే పోలేదు.

అప్పుడు కబురొచ్చింది. బెంగళూరు నుంచి పెద్ద డాక్టరు వస్తున్నాడు, కాళ్ళకు వైద్యం చేయించుకున్న బిడ్డల తల్లిదండ్రులందరూ రావాలి, బిడ్డలు ఎట్లా ఉన్నారో, పెద్దవాళ్ళకు తృప్తిగా ఉందో లేదో అడిగి రాసుకుంటారని. పోకుండా ఉండలేకపోయాను. మీ అవ్వే తెల్లవారకముందు తల దువ్వి, "పో, పోయి చూపించుకోని రాపో" అని పంపింది. మీ నాయన కూడా వచ్చాడు.

వరండా నిండా జనం. ముదిగుబ్బ నుంచి, కదిరి పక్కనుంచి, మడకశిర నుంచి వచ్చారు. కమలాక్షి అందరికంటే ముందు నన్ను పిలిచింది. నీకు పొడుగు చొక్కా వేసి, కాళ్ళకు మేజోళ్ళు తొడిగి తీసుకుపోయాను. ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఎడమకాలు మేజోడు విప్పి చూపించాను. పెద్ద డాక్టరు సంతోషించి, నడిపించమన్నాడు.

"రాత్రినుంచి జరం సార్. కాలు కింద పెట్టడంల్యా" అన్నాను.

ఆయన నీ నుదురు తాకలేదు. వెనక ఇంకా చాలామంది ఉన్నారు. కమలాక్షి ఒక్కొక్కటే చదివి అడిగింది. రోజూ జోళ్ళు తొడుగుతున్నారా? తొడుగుతున్నాం. నొప్పి ఉందా? లేదు. వైద్యం మీద తృప్తేనా? ఎదురుగా కుళ్ళాయమ్మ, కట్లు విప్పిన బిడ్డను నిలబెట్టుకుని నన్నే చూస్తోంది. మీ నాయన తల వంచుకుని ఉన్నాడు. "తృప్తే సార్" అన్నాను. ఆయన రాసుకున్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. గంగాధరా, ఆ చప్పట్ల మధ్య నేను నీ కుడికాలిని నా కొంగుకింద గట్టిగా పట్టుకుని కూర్చున్నాను.

వెళ్ళబోతుంటే కమలాక్షి నిన్ను ఎత్తుకునే నెపంతో దగ్గరికొచ్చింది. మేజోడు మీదనుంచే పాదం పట్టుకుంది. ఆమె చేతికి తెలియకుండా ఉంటుందా? నా చెవి దగ్గరికొచ్చి, "వచ్చే గురువారం ఒక్కదానివే రామ్మా. ఎవురికీ చెప్పను. మళ్ళా రెండు కట్లేస్తే సరిపోతాది" అంది.

ఆ గురువారం నేను పోలేదు.

ఇంట్లో ఏమని చెప్పి పోను? అంతా బాగుంది, ఇక రానక్కర్లేదన్నారు అని నేనే చెప్పాను. మీ అవ్వ ఆంజనేయస్వామికి ఆకుపూజ కూడా చేయించింది. ఆ గురువారం పొద్దున పాసింజరు కూత వినిపించింది. నేను కండె చుడుతూ చేయి ఆపలేదు. మా అమ్మకు మాత్రం వస్తానని ముందే కబురు పెట్టి ఉన్నాను. ఆమె పెనుకొండలో ఆ చివరినుంచి ఈ చివరిదాకా పెట్టెలన్నీ చూసి, రైలు కదిలిపోయాక ఇంటికి పోయిందట. ఎందుకు రాలేదని మా అమ్మ చనిపోయేదాకా నన్ను అడగలేదు.

ఇంకో గురువారం, ఇంకో గురువారం. ఒక్కొక్కటి పోయేకొద్దీ పోవడం మరింత కష్టమైంది. నీకు రెండున్నరేళ్ళు నిండేసరికి కాలు ఎవరికైనా కనపడేటట్టు తిరిగిపోయింది. ఒకరోజు మీ అవ్వ, "ఏమే, వీడు కుడికాలు ఇట్ల ఏస్తాండాడేమి?" అంది. నోట్లోకి ఎక్కడినుంచి వచ్చిందో, "మిద్దె మెట్ల మీదనుంచి దూకినాడత్తా, మడమ బెణికింది" అన్నాను. మీ నాయన మగ్గంలోంచి, "అవునమ్మా, నేను చూసినా" అన్నాడు.

నువ్వు పడలేదు నాయనా. ఏ మెట్ల మీదనుంచీ దూకలేదు. నువ్వు ఆడుకుంటూ ఉన్నావు, అంతే.

దూకుడు పిల్లవాడని, చెప్పిన మాట వినక కాలు పోగొట్టుకున్నాడని పదిహేనేళ్ళు అందరూ నిన్ను అన్నారు. పదేళ్ళప్పుడు నువ్వు నా దగ్గరికొచ్చి, "నేను ఆ పొద్దు దూకాకుండా ఉండింటే బాగుండునమ్మా" అన్నావు. నేను నీ తలకు నూనె రాస్తూ, "పోనీలేప్పా" అన్నాను. నా జన్మలో చేసిన పాపాల్లో జోడు విప్పడం చిన్నది. ఆ "పోనీలే" పెద్దది.

పదమూడేళ్ళకు మగ్గం నేర్పుదామని మీ నాయన నిన్ను గుంటలోకి దించాడు. "గుంటలో దిగినాక కాళ్ళు ఎవురికి కనపడతాయి" అన్నాడు. కానీ కుడికాలు కిందికొయ్యను సరిగ్గా తొక్కలేకపోయింది. నెల తిరిగేసరికి నువ్వే మానేసి, చదువుకుంటానన్నావు. ఇప్పుడు ఆ చదువుకూ అదే కాలు అడ్డమొచ్చింది.

మొన్న శుక్రవారం మీ నాయన అడిగాడు. "గంగాధర జాబు రాసినాడంట గదా, పోస్టుమాను చెప్పె. ఏమంట?" వారం రోజులుగా దాన్ని కండెల బుట్టలో అడుగున పెట్టి ఉంచాను. ఇంక దాచలేక తీసి చదివాను. ఆయన మగ్గం ఆపాడు. గుంటలోనే కూర్చుని విన్నాడు. చదవడం అయ్యాక నీకు పైన రాసినదంతా, జోడు తాడు సంగతి, కమలాక్షి పిలిచిన సంగతి, ఆయనకు చెప్పేశాను. కొడతాడేమో అనుకున్నాను. ఎన్నడూ కొట్టని మనిషి.

ఆయన గట్టున చేతులానించి నా కేసి చూసి, "నువ్వొగదానివే అనుకుంటాండావా?" అన్నాడు.

నాకు అర్థం కాలేదు.

"నువ్వు ఇప్పని దినాల్లో నేను ఇప్పుతాంటి. వాడు నిద్దర్లో ముక్కుతాంటే పానం ఒప్పకపోయె. నువ్వు పండుకున్నాక తీసి, తెల్లారి మగ్గమెక్కేముందు తొడుగుతాంటి. కుడిదే. అదే కదా వాన్ని బాధపెట్టేది."

"నాకెందుకు చెప్పలేదు?"

"యాడ చెప్పేది? నువ్వు హిందూపురంలో అంతమందికి బుద్ధి చెప్పే మనిషివైతివి. నా వల్లనే కాలు పాయె అని నీతో ఎట్ల చెప్పేది? ఆ పొద్దు వరండాలో నువ్వు తృప్తే అంటివి. నీకు తెలీదనుకుంటి."

వారానికి రెండు మూడు రాత్రులకే అంత వంకర ఎట్లా తిరిగిందా అని ఇన్నేళ్ళూ నాకు అంతుచిక్కలేదు. మిగతా రాత్రులు ఆయనవి. ఒకే కప్పు కింద, చేయి చాపితే తగిలేంత దూరంలో, ఇద్దరం ఒకే తాడు విప్పుతూ, ఒకరికి తెలియకుండా ఒకరం పదిహేనేళ్ళు బతికాం. మెట్ల మీదనుంచి పడటం తాను చూశానని ఆయన అన్నప్పుడు, నన్ను కాపాడటానికి అన్నాడనుకున్నాను. ఆయన తనను తాను కాపాడుకున్నాడు.

మీ అవ్వకు ఇంకా చెప్పలేదు. నిన్న పక్కింటి సిద్ధమ్మ వచ్చి అవ్వ చెవిలో గట్టిగా నీ గురించి అడిగితే, "మా వాడు తెలివిగలోడే, చిన్నప్పుడు దూకి కాలు పోగొట్టుకొనె" అని మంచం మీదనుంచి చెప్పింది. నేను తలుపు దగ్గర నిలబడి ఉన్నాను. ఎనభయ్యేళ్ళ మనిషికి చెప్పి ఏం లాభం అని నాకు నేను చెప్పుకున్నాను. అది కూడా భయమేనేమో. ఇంత రాసినా నేను బయటపడ్డానని అనుకోకు.

ఆపరేషను గురించి అడిగావు. ఈ వయసులో కట్లతో కుదరదు, బెంగళూరులో ఎముకలు కోసి సర్ది అతికిస్తారు, పాదం నేలకు ఆనుతుంది గానీ పక్కలకు తిరగదు, నెలల తరబడి కట్టులో ఉండాలి అని డాక్టరు చెప్పాడన్నావు. పెద్దవాళ్ళ సంతకం కావాలన్నావు. "నువ్వు సరేనంటే చేయించుకుంటా, వద్దంటే మానుకుంటా" అని రాశావు.

నేను సరే అననూ, వద్దననూ. నీకు నోరులేని రోజుల్లో నీ కాలు గురించి నీ తరఫున మేం చేసింది చాలు. డాక్టరును నువ్వే అన్నీ అడుగు. నొప్పి ఎంత, ఎన్నాళ్ళు, కుదరకపోతే ఏమవుతుంది, అన్నీ. తర్వాత నువ్వు ఏది చెబితే దానికి మేమిద్దరం సంతకం చేస్తాం. చేయించుకుంటే బెంగళూరులో నీ మంచం పక్కన నేనుంటాను. మానుకుంటే అందుకు నిన్నెవరూ ఒక్కమాట అనకుండా చూస్తాను. కమలాక్షి కనపడితే నేను గురువారం వస్తున్నానని చెప్పు. కుళ్ళాయమ్మ ఇంకా అక్కడే ఉంటే ఆమెతో నేనే మాట్లాడతాను, నువ్వేమీ చెప్పవద్దు.

మీ నాయన చీర సగంలో ఆపి వస్తున్నాడు. ఈ జాబు మూసేముందు, వానికి ఇంకేమన్నా రాయమంటావా అని అడిగాను. గట్టున కూర్చుని, "మీసం వచ్చినప్పటినుంచీ వాడు మన ముందర కాళ్ళు గూడా కడగడు. ప్యాంటు కిందికి లాక్కుంటాడు. ఆ కాలు ఎట్లుండాదో మనం కండ్లారా చూసి ఎన్నేండ్లయె? ఒగసారి చూపిస్తాడేమో అడుగు" అన్నాడు.

గురువారం పాసింజరుకు ఇద్దరం వస్తున్నాం. నువ్వు స్టేషనుకు రాకపోయినా పర్వాలేదు, నేరుగా లక్ష్మక్క ఇంటికే వస్తాం. కోపముంటే మాట్లాడవద్దు, మా మొహం చూడవద్దు. మేం నీ ఎదుట కింద కూర్చుంటాం. కాలు చాపు నాయనా.

ఇట్లు,
నిన్ను కన్నది,
మీ అమ్మ
గౌరి